కేస్ షీట్‌లోకి ఎక్కని మాత్ర: అంతుపట్టని కడుపునొప్పి గురించి నా అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అక్కకి రెండేళ్లుగా ఉండుండి భరించలేనంత కడుపునొప్పి, వాంతులు, మలబద్ధకం. స్కాన్లు, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. అనుమానం మీద అపెండిక్స్ తీసేశారు, అయినా నొప్పి మళ్లీ వచ్చింది. ఇప్పుడు "టెన్షన్ వల్లే" అని సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపారు. ఎవరో క్లినికల్ ఫార్మసిస్ట్‌ని కలవమన్నారట. మందులు చూసే మనిషి రోగం కనుక్కోవడంలో ఏం చేయగలరు, దీని మీద రీసెర్చ్ ఉందా అని అడిగారు.

నేను ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదివి ఒక టీచింగ్ హాస్పిటల్‌లో జనరల్ మెడిసిన్ వార్డుల్లో పనిచేశాను. ముందే ఒక మాట చెప్తాను. రోగం ఫలానా అని తేల్చేది డాక్టరే, ఫార్మసిస్ట్ కాదు. కానీ డాక్టర్ చేతికి అందని ఒక సమాచారం మా దగ్గరకు వస్తుంది. పేషెంట్ నిజంగా ఏ మందు, ఏ రోజు, ఎందుకు వేసుకున్నారన్నది. అరుదైన జబ్బుల్లో కొన్నిసార్లు దారి అక్కడే దొరుకుతుంది. నేను కళ్లారా చూసిన కేసు ఒకటి మీ అక్క పరిస్థితికి దగ్గరగా ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఊరి పేరు, హాస్పిటల్ పేరు చెప్పను.

ఆమెకి ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. కార్తీక మాసంలో అడ్మిట్ అయింది. నొప్పితో మెలికలు తిరిగిపోతోంది, కానీ డాక్టర్ చెయ్యి పెట్టి చూస్తే కడుపు మెత్తగానే ఉంది. నాడి నిమిషానికి 120 దాటింది, బీపీ ఎక్కువ, రక్తంలో సోడియం తక్కువ. అంతకుముందు వేరే చోట ఒకసారి ఫిట్స్ వస్తే ఫెనిటాయిన్ మొదలుపెట్టారు. ఆ తర్వాత నొప్పి తగ్గకపోగా చేతుల్లో బలం తగ్గింది. గ్లాసు ఎత్తాలన్నా రెండు చేతులు పెట్టాల్సి వచ్చేది. ఆ డాక్టర్లను నేను తప్పుపట్టను, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ ఇవ్వడం మామూలు వైద్యమే. కానీ ఫైలులో "మానసిక కారణాలు" అని ఒక ముక్క రాసి ఉంది. ఆ ముక్క ఆమెతో పాటు ఒక హాస్పిటల్ నుంచి ఇంకో హాస్పిటల్‌కి తిరుగుతూ వచ్చింది.

మొదటిరోజు నేను వెళ్లి "అమ్మా, ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాను. "ఫిట్స్ మాత్ర తప్ప ఏమీ లేవు మేడమ్" అంది. అదే రాసుకుని వచ్చేశాను. ప్రశ్న సరిగ్గా అడగలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండు రోజులు అలాగే పోయాయి.

మూడోరోజు మధ్యాహ్నం స్టాఫ్ నర్స్ పిలిచింది. పొద్దున పట్టిన యూరిన్ శాంపిల్ ఒకటి ల్యాబ్‌కి పంపకుండా కిటికీ గట్టు మీద ఉండిపోయింది. "పట్టినప్పుడు మామూలు రంగే మేడమ్, ఇప్పుడు చూడండి" అని సీసా ఎత్తి వెలుగులో చూపించింది. నేరేడుపండు నలిపిన నీళ్లలా ఉంది. ఎండ పడిన వైపు ఇంకా ముదురుగా. మేమిద్దరం ఒక నిమిషం ఏం మాట్లాడలేదు.

మూత్రం రంగు మారడానికి కారణాలు చాలా ఉంటాయి, అదొక్కటే చూసి ఏదీ అనకూడదు. కానీ కడుపునొప్పి, మెత్తటి పొట్ట, తక్కువ సోడియం, ఫిట్స్, చేతుల బలహీనత, ఎండకి ముదిరే మూత్రం... అన్నీ ఒకచోట పెడితే పాఠాల్లో చదివిన పేరు ఒకటి గుర్తొచ్చింది. అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా. వార్డు పీజీ డాక్టర్‌కి చెప్తే ఆయనకీ అదే అనుమానం. అప్పుడు నేను మళ్లీ ఆమె మంచం దగ్గరకు వెళ్లాను, ఈసారి అత్తగారిని టీ తాగి రమ్మని పంపి.

"మందులు" అన్న మాట వాడలేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ అంతకుముందు వారం ఇంట్లో ఏం జరిగిందో చెప్పమన్నాను. మొదటిసారి శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం అయిన రెండు మూడు రోజులకి. రెండోసారి వేసవిలో, మరిది గృహప్రవేశం అయ్యాక. ఇప్పుడు కార్తీక సోమవారాలు. "అప్పుడు నెలసరి అడ్డం రాలేదా?" అని అడిగితే తల దించుకుని నెమ్మదిగా చెప్పింది, "డేట్ రాకుండా మాత్రలు వేసుకున్నాను మేడమ్. అవి మందులు కాదు కదా?" మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకున్న నోరెథిస్టిరాన్. రోజుకి మూడు చొప్పున. దానికి తోడు సోమవారం రోజంతా ఉపవాసం ఉండి నక్షత్రాలు చూశాకే తినడం.

ఒక తెల్లకాగితం మీద గీత గీసి పైన నొప్పి వచ్చిన తేదీలు, కింద మాత్రల తేదీలు, ఉపవాసాలు, ఫెనిటాయిన్ మొదలైన రోజు రాశాను. ప్రతి నొప్పికీ ముందు ఏదో ఒకటి ఉంది. ఆ కాగితమే రౌండ్స్‌లో ప్రొఫెసర్ గారి చేతికి ఇచ్చాను.

ఇది ఎందుకు జరుగుతుందో మన భాషలో చెప్తాను. లివర్‌లో హీమ్ అనే పదార్థం ఎనిమిది అంచెల్లో తయారవుతుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లకి మూడో అంచెలోని ఎంజైమ్ పుట్టుకతోనే సగం పనే చేస్తుంది. కాలువ మీద తూము సగం మూసి ఉన్నట్టు అనుకోండి. నీళ్లు నెమ్మదిగా వస్తున్నంతకాలం ఇబ్బంది లేదు. ఫెనిటాయిన్ లాంటి కొన్ని మందులు, ఆమె వేసుకున్న నోరెథిస్టిరాన్ లాంటి ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్లు, తిండి మానేయడం... ఇవన్నీ పైనుంచి నీళ్లు ఎక్కువగా వదిలేస్తాయి. తూము దగ్గర ఏఎల్ఏ, పీబీజీ అనే పదార్థాలు పేరుకుంటాయి, నరాలు దెబ్బతింటాయి. కడుపునొప్పి పేగుల జబ్బు వల్ల కాదు, పేగుల నరాల వల్ల. అందుకే స్కాన్‌లో ఏమీ కనిపించదు. నెలసరికి ముందు రోజుల్లో ఒంట్లో సహజంగా పెరిగే హార్మోన్ కూడా కొందరికి చాలు. లోపం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఒక్కసారి కూడా నొప్పి రాదు, వచ్చేవాళ్లలో యుక్తవయసు ఆడవాళ్లే ఎక్కువ.

మందుకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం కొత్తగా తెలిసిందేమీ కాదు. 1889లో నెదర్లాండ్స్‌లో స్టాక్విస్ అనే డాక్టర్ సల్ఫోనాల్ అనే నిద్రమందు వేసుకున్న ఒక వృద్ధురాలి మూత్రం ముదురు ఎరుపుగా మారడం గురించి రాశారు. వైద్యచరిత్రలో ఈ జబ్బు మొదలు అక్కడే.

ఇక మీరడిగిన రీసెర్చ్ సంగతి. నా కేసు ఒక్కటి చూపించి ఫార్మసిస్టులు అరుదైన జబ్బులు పట్టేస్తారని చెప్పడం సరికాదు. అధ్యయనాలు గట్టిగా చెప్తున్నది వేరే విషయం, మందుల జాబితా ఎంత అసంపూర్ణంగా ఉంటుందో. 2005లో కెనడాలోని టొరంటో పరిశోధకులు హాస్పిటల్‌లో చేరిన 151 మంది జాబితాలను ఇంట్లో వాడే మందులతో సరిచూశారు. సగానికి పైగా, అంటే 53.6 శాతం మందిలో అనుకోని తేడా కనీసం ఒకటి ఉంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగిన పొరపాటు, రోజూ వేసుకునే మందు అసలు రాయకపోవడం. అది పాశ్చాత్య దేశం, అక్కడ చీటీ లేకుండా చాలా మందులు అమ్మరు. మన మెడికల్ షాపుల సంగతి మీకు తెలిసిందే.

ఇంకొకటి నాకు చాలా నచ్చిన అధ్యయనం, బ్రిటన్‌ది, 2023లో ప్రచురించారు. అండాశయ క్యాన్సర్ వచ్చిన 153 మంది, రాని 120 మంది మహిళల షాపు లాయల్టీ కార్డులను (ఏమేం కొన్నారో వాటిలో నమోదవుతుంది) వాళ్ల అనుమతితో పరిశీలించారు. జబ్బు బయటపడటానికి దాదాపు ఎనిమిది నెలల ముందు నుంచే క్యాన్సర్ ఉన్నవాళ్లు నొప్పి మాత్రలు, అజీర్తి మందులు కొనడం పెరిగింది. అంటే డాక్టర్ దగ్గరకు వెళ్లకముందే ఒంట్లో బాధ మందుల షాపు బిల్లులో కనిపిస్తోంది. ఆ బిల్లు చదివేవాళ్లు ఉంటే బాగుండును అనిపిస్తుంది.

పోర్ఫిరియా విషయానికే వస్తే, అమెరికాలో 108 మంది పేషెంట్ల వివరాలతో 2014లో వచ్చిన అధ్యయనంలో జబ్బు తేలడానికి సగటున 15 ఏళ్ల ఆలస్యం కనిపించింది. 15 ఏళ్లు! ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని నిందలు పడి ఉంటారో. జబ్బు తేలాక ఏ మందు వేసుకోవచ్చు, ఏది కూడదు అన్నది చెప్పడంలో ఫార్మసీ సేవ పాత్ర పెద్దది. బ్రిటన్‌లో కార్డిఫ్ నుంచి నడిచే మెడిసిన్స్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ దీనికోసమే సురక్షితమైన మందుల జాబితా తయారుచేస్తుంది. నార్వేలోని పోర్ఫిరియా సెంటర్ మందుల డేటాబేస్‌ని ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఆ రోజు వార్డులో నేను తెరిచి చూసింది కూడా అదే.

ఆమె విషయంలో శాంపిల్‌కి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఐస్‌లో పెట్టి పెద్ద ల్యాబ్‌కి పంపాం. పీబీజీ బాగా ఎక్కువగా ఉందని రిపోర్ట్ వచ్చింది. రిపోర్ట్ కోసం కాచుకోకుండా ప్రొఫెసర్ గారు ఫెనిటాయిన్ ఆపించి లెవెటిరాసిటమ్ అనే ఇంకో ఫిట్స్ మందుకి మార్చారు, సోడియం చూసుకుంటూ గ్లూకోజ్ ఎక్కించారు. హీమిన్ ఇంజెక్షన్ అసలైన మందు, అమెరికాలో 1983లోనే అనుమతి వచ్చింది, కానీ మాకు అప్పటికప్పుడు దొరకలేదు. నాలుగైదు రోజులకి నొప్పి తగ్గింది. చేతుల్లో బలం రావడానికి నెలలు పట్టింది. తర్వాత జన్యు పరీక్ష చేయించారు, ఆమె చెల్లెలికి కూడా. ఇది తల్లి లేదా తండ్రి ఒక్కరి నుంచి వచ్చినా చాలు, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది.

డిశ్చార్జ్ రోజు ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అయితే నాకు పిచ్చి లేదుగా మేడమ్?"

మీ అక్కకి ఇదే జబ్బు అని నేను అనడం లేదు. ఇది చాలా అరుదు, యూరప్ లెక్కల్లో పది లక్షల మందిలో ఆరుగురికి కాస్త తక్కువ. ఇలాంటి నొప్పికి ఇంకా చాలా కారణాలుంటాయి. కానీ మీరు చెప్పినదాంట్లో ఒక పరీక్ష మాత్రం చేసినట్టు లేదు, నొప్పి ఉన్నప్పుడు పట్టిన యూరిన్‌లో పీబీజీ. ఖర్చు తక్కువ, సూది కూడా అక్కర్లేదు. నొప్పి తగ్గాక వారాలకి చేస్తే నార్మల్ రావచ్చు, అప్పుడు లేదనుకుని వదిలేస్తారు. అదీ ప్రమాదం.

ఈలోపు మీరు ఇంట్లో చేయగల పని ఉంది. అక్కతో మీరు కాకుండా అమ్మగానీ, అక్కకి చనువున్న ఆడవాళ్లుగానీ ఒంటరిగా కూర్చుని మాట్లాడితే మంచిది. నొప్పి వచ్చిన ప్రతిసారీ తేదీ, అంతకుముందు పది రోజుల్లో నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయండి. నెలసరి వాయిదా మాత్రలు, గర్భం రాకుండా వాడేవి, యాంటీబయాటిక్ కోర్సులు, నిద్రమాత్రలు, ఆయుర్వేదం, పౌడర్లు, బరువు తగ్గడానికి తిండి మానేసిన రోజులు, ఉపవాసాలు. నెలసరి తేదీలు కూడా. పాత మాత్రల షీట్లు, షాపు బిల్లులు ఏమైనా మిగిలి ఉంటే ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. పేర్లు గుర్తుండవు, షీటు వెనక అక్షరాలు మాత్రం ఉంటాయి.

ఫార్మ్‌డి కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ కాలేజీలు చాలా ఉన్నాయి. కాలేజీ అనుబంధంగా ఉన్న హాస్పిటల్‌కి వెళ్తే వార్డుల్లో మావాళ్లు ఉంటారు. "మందుల హిస్టరీ పూర్తిగా తీయండి" అని అడగండి, మొహమాటపడకండి. ఏ మందు వల్లనైనా నొప్పి వచ్చిందని అనుమానం ఉంటే దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే) హెల్ప్‌లైన్ 1800-180-3024కి పేషెంట్ తరఫువాళ్లే ఫోన్ చేసి చెప్పొచ్చు. జన్యు పరీక్ష, అరుదైన జబ్బుల సలహా వరకు వస్తే హైదరాబాద్‌లో నిమ్స్ హాస్పిటల్, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ కలిసి అరుదైన జబ్బులకి కేంద్ర ప్రభుత్వ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా ఉన్నాయి, డాక్టర్‌తో రెఫరల్ రాయించుకోండి.

ఒక్క జాగ్రత్త. ఇదంతా చదివి అక్క వాడుతున్న ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా ఫిట్స్ మందుగానీ సైకియాట్రిస్ట్ రాసినవిగానీ. అనుమానం ఉన్నది కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి.

ఈసారి నొప్పి మొదలైతే ఇంట్లో ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నొప్పి తగ్గకముందే, ఆ రోజే యూరిన్ శాంపిల్ పట్టించి, వెలుగు తగలకుండా సీసాకి ఫాయిల్ చుట్టించి, "పీబీజీ చేయించండి డాక్టర్ గారూ" అని అడగండి. రిపోర్ట్ ఎలా వచ్చినా ఇక్కడ రాయండి, చూస్తాను.