ఆంగ్లికన్ (ఇంగ్లాండు చర్చి సంప్రదాయానికి చెందిన) చర్చిలో ప్రభువు బల్ల మీది వస్త్రం రంగు ఎందుకు మారుతూ ఉంటుంది?

ఆ వస్త్రాన్ని చూస్తే చర్చి సంవత్సరంలో ఏ కాలం నడుస్తోందో తెలిసిపోతుంది. ఆ సంవత్సరం జనవరిలో మొదలవదు, క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం మొదలవుతుంది. అది ఆగమన కాలం, ఎదురుచూపుల కాలం కనుక ఊదా రంగు. క్రిస్మస్‌కు, ఈస్టరుకు తెలుపు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగైన పెంతెకొస్తుకు అగ్ని నాలుకల గుర్తుగా, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల దినాలకు రక్తానికి గుర్తుగా ఎరుపు. పండుగల సందడి లేని వారాలకు ఆకుపచ్చ. ఏడాదిలో ఎక్కువగా కనిపించేది ఇదే.

నన్నడిగితే అసలు చూడవలసింది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలను. ఆదివారాలు వదిలేస్తే నలభై రోజులు, మళ్లీ ఊదా. వాటి మొదటి రోజైన భస్మ బుధవారం నాడు నుదుట సిలువగా రాసే బూడిద చాలా చోట్ల కిందటి ఏడాది మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) పంచిన మట్టల సిలువలను కాల్చగా వచ్చిందే. హోసన్నా అంటూ ఊపిన మట్టలే బూడిదై నుదుటికెక్కుతాయి! ఇక పరిశుద్ధ గురువారం రాత్రి ఆరాధన ముగిశాక కొవ్వొత్తులు, గిన్నెలు, చివరికి ఆ వస్త్రం కూడా తీసేస్తారు. అందరూ మౌనంగా వెళ్లిపోతారు. మర్నాడు గుడ్ ఫ్రైడేకి బల్ల బోసిగా ఉంటుంది.

అన్ని చర్చిలలోనూ ఇలాగే ఉంటుందనుకోకండి. ఆంగ్లికన్ ఆరాధనకు ఆధారమైన 1662 నాటి ప్రార్థనా గ్రంథం ఈ రంగులను నిర్దేశించలేదు. పాత ఆచారాలను ఇంగ్లాండు చర్చిలోకి తిరిగి తేవాలని 1833లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం తర్వాతే ఇవి మళ్లీ విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి.