మెడలో నీటిగడ్డ: శీనుకు ఉత్తరం

కర్నూలు

చిరంజీవి శీనుకు, మీ పెద్దమ్మ ఆశీస్సులు.

మెడకు కుడిపక్క నిమ్మకాయంత గడ్డ లేచిందని, ఒత్తితే లోపల నీళ్లున్నట్టు మెత్తగా ఉందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆదోనిలో ఎవరో వాత పెడతామన్నారట. వద్దు నాయనా. పసరు కట్టొద్దు, పిసకొద్దు. ఇన్నేళ్లు నర్సుగా ఇలాంటి గడ్డలు ఎన్నో చూసి చెబుతున్నా.

నీటిగడ్డలన్నీ ఒకే జబ్బు కాదు. ఎక్కడ లేచింది, మనిషి వయసెంత అన్నవి డాక్టర్లు ముందు చూస్తారు. గొంతు మధ్యలో ఉండి, నాలుక చాపినప్పుడు పైకి కదిలితే థైరోగ్లాసల్ సిస్ట్ కావచ్చు. తల్లి కడుపులో ఉన్నప్పుడు థైరాయిడ్ గ్రంథి నాలుక మొదలు నుంచి కిందికి దిగిన దారి పూడకపోతే అది వస్తుంది. నాలుకకు కదలక, గుటక వేస్తేనే కదిలితే థైరాయిడ్‌లోనే గడ్డ ఉందేమో చూస్తారు. పసిపిల్లలకైతే లింఫు నాళాలు, అంటే ఒంట్లో ఊరే నీటిని మళ్లీ రక్తంలోకి చేర్చే సన్న గొట్టాలు, సరిగా ఏర్పడక మెడ ఉబ్బుతుంది.

నీకు పాతికేళ్లు, గడ్డేమో దవడ కింద పక్కన. జలుబు చేశాక బయటపడిందంటున్నావు. ఇలాంటప్పుడు బ్రాంకియల్ సిస్ట్ అనే అనుమానం వస్తుంది. పుట్టకముందు మెడ తయారయ్యేటప్పుడు మిగిలిపోయిన చిన్న సంచి అది. ఇన్నేళ్లూ ఊరికే ఉండి జలుబుకు ఉబ్బుతుంది. ఆపరేషన్‌తో తీసేస్తారు, టెన్షన్ పడొద్దు.

అయితే మన దగ్గర టీబీని మరవకూడదు. పెద్దవాళ్లు గండమాల అనేవాళ్లే, అది. మెడలోని బిళ్లలు, అంటే లింఫు గ్రంథులు, ఒకదానికొకటి అతుక్కుని లోపల చీము పడుతుంది. వేడి, ఎరుపు పెద్దగా ఉండవు కాబట్టి నీటిగడ్డ అనిపిస్తుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అందరికీ ఉండవు. తెలియనివాళ్లు కోసి చీము వదిలితే ఆ పుండు మానక నెలల తరబడి కారుతుంది. అందుకే వాత అన్న మాట వినగానే నాకు గుండె ఆగినంత పనైంది. టీబీ అని తేలితే సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితం. కనీసం 6 నెలలు, ఒక్క రోజూ మానకుండా మింగాలి.

మీ నాన్నకు ఈ ముక్క చదివి వినిపించు. గుట్కా ఆయన ఇంకా మానలేదు కదా. 40 దాటినవాళ్లకు మెడలో ఇలాంటి గడ్డ కొత్తగా వస్తే, కాదని తేలేదాకా క్యాన్సర్ అనే అనుమానించి చూడాలి. టాన్సిల్, నాలుక మొదలు, థైరాయిడ్‌లలో పుట్టిన క్యాన్సర్ మెడ బిళ్లలకు పాకి నీటిగడ్డలా కనిపించగలదు. సూది పరీక్షలో నీళ్లే వచ్చాయని అక్కడితో వదిలేయకూడదు.

సోమవారం పొద్దున్నే కర్నూలు పెద్దాసుపత్రికి రా, ఈఎన్‌టీ ఓపీలో చూపిద్దాం. ముందు స్కాన్, తర్వాత సన్న సూదితో పరీక్ష. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న మాటలు నమ్మొద్దు. గడ్డ ఎప్పుడు కనిపించింది, పెరిగి తగ్గుతోందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండిందా అన్నవి గుర్తు చేసుకుని రా. ఈలోగా ఊపిరాడకపోయినా, మింగడం కష్టమైనా, గడ్డ ఎర్రబడి జ్వరం వచ్చినా సోమవారం దాకా ఆగొద్దు, వెంటనే బయల్దేరి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ