వానాకాలంలో పార్కు ఆఫీసులో పనేముంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్. హైదరాబాద్ శివారులోని ఒక అమ్యూజ్‌మెంట్ పార్కు ఆఫీసులో ఎగ్జిక్యూటివ్‌గా తీసుకుంటామన్నారు. వేసవి అయిపోతే అక్కడ పనుండదని, అన్‌సీజన్‌లో మాన్పించేస్తారని మా బంధువులు అంటున్నారు. చేర్చమంటారా? – ఒక తండ్రి, షాద్‌నగర్

జవాబు: మాన్పించడం ఉంది. అయితే ఎవర్ని అన్నది చూడండి. రైడ్ల దగ్గర, టికెట్ కౌంటర్లలో, ఫుడ్ కోర్టులో వేసవి రద్దీ కోసమని ఏజెన్సీ ద్వారా తెచ్చుకున్నవాళ్లను జూన్‌లో పంపేస్తారు. కంపెనీ పేరోల్‌లో ఉన్న అకౌంట్స్, సేల్స్, పర్చేజ్, హెచ్ఆర్ వాళ్ల జోలికి మామూలుగా వెళ్లరు. వాళ్ల చేతికి పని చిక్కేదే జనం పలచబడ్డాక.

మన దగ్గర అన్‌సీజన్ ఏటా రెండుసార్లు వస్తుంది. జూన్ రెండోవారంలో బడులు తెరిచినప్పటి నుంచి దసరా సెలవుల దాకా ఒకటి, సంక్రాంతి వెళ్లాక పరీక్షలు ముగిసేదాకా ఇంకొకటి. అప్పుడూ శని, ఆదివారాల్లో జనం వస్తారు కాబట్టి గేటుకు తాళం పడదు. దుబాయ్‌లో లెక్క వేరు. అక్కడి గ్లోబల్ విలేజ్ అనే వినోద పార్కును అక్టోబరులో తెరిచి, ఎండలు ముదిరే మే నెలలో మూసేస్తారు.

మీ అమ్మాయి చదువుకు దగ్గరిది అకౌంట్స్, కాబట్టి అది ముందు చెప్తాను. మే నెలలో రాత్రి కౌంటర్ మూసేసరికి నగదు, కార్డు, యూపీఐ, వెబ్‌సైట్ బుకింగులు, ట్రావెల్ యాప్‌ల టికెట్లు అన్నీ కలిపి టోటల్ పడితే చాలనుకుంటారు. లెక్క కుదరని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో, అంటే తేలని లెక్కల్ని తాత్కాలికంగా పెట్టే ఖాతాలో వేసి ఇంటికి వెళ్తారు. జూన్, జూలైలలో ఆ ఖాతాను ఒక్కో ఎంట్రీ చొప్పున విప్పాలి. ఎక్కువగా తగిలేది ఇలాంటిది: యూపీఐ ఫెయిలైందని మెషీన్ చూపించింది, కౌంటర్‌లో మళ్లీ నగదు తీసుకున్నారు, తర్వాత ఆ యూపీఐ డబ్బు కూడా ఖాతాలో పడింది. అది పార్కు సొమ్ము కాదు, మనిషిని వెతికి తిరిగివ్వాలి. లాకర్ డిపాజిట్లదీ ఇదే పేచీ. తిరిగిచ్చేయాల్సిన డిపాజిట్‌ను ఎవరో హడావుడిలో ఆదాయం కింద కొట్టేస్తే, కట్టనక్కర్లేని జీఎస్టీ కట్టినట్టవుతుంది. రిస్ట్‌బ్యాండ్ల సీరియల్ నంబర్లు కూడా అమ్మిన టికెట్లతో సరిపోవాలి. ఈలోగా ఏప్రిల్-జూన్ త్రైమాసికం టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసుకున్న పన్ను) రిటర్న్ గడువు జూలై 31 వచ్చేస్తుంది, దాని వెనకే సెప్టెంబరు 30కి ట్యాక్స్ ఆడిట్. ఈగలు తోలుకునే తీరిక ఎక్కడుంటుందో బంధువుల్నే చెప్పమనండి.

సేల్స్ వాళ్లకు అన్‌సీజనే పంట వేసే కాలం. నవంబరు నుంచి జనవరి దాకా వచ్చే స్కూల్ ట్రిప్పులను జూలై, ఆగస్టుల్లోనే మాట్లాడుకోవాలి, విద్యా సంవత్సరం క్యాలెండర్‌లో పేరు ఎక్కితేనే బస్సు మన గేటుకు వస్తుంది. కొటేషన్‌లో ఒక్క మాట తప్పితే ఏమవుతుందో చూడండి. పార్కు ప్రవేశ టికెట్‌పై జీఎస్టీ 2017 జూలైలో 28 శాతం, 2018 జనవరిలో 18కి తగ్గింది. తలకు 1000 రూపాయలు, జీఎస్టీ అదనం అని రాయాల్సిన చోట ఉత్త 1000 అని రాస్తే, స్కూలు ఆ వెయ్యే కడుతుంది. అందులో 18 శాతం జీఎస్టీ పోగా పార్కుకు మిగిలేది 847 రూపాయల 46 పైసలు. 240 మంది పిల్లలకు దాదాపు 36,600 రూపాయలు చేజారినట్టు. ఇంకో తలనొప్పి, భోజనాలు. 240 మందికని చెప్పి 205 మందితో వస్తారు, వంట అప్పటికే అయిపోయి ఉంటుంది. అందుకే కనీసం ఎంతమందికి డబ్బు కట్టాలో, ఆఖరి సంఖ్య ఎప్పటిలోగా చెప్పాలో, వాన, ఉరుములకు రైడ్లు ఆపితే ఏం చేస్తారో ముందే కాగితం మీద ఉండాలి.

పర్చేజ్ వాళ్లు అన్‌సీజన్‌లో రైడ్లను మరమ్మతులకు విప్పకముందే మేల్కోవాలి. విదేశీ రైడ్‌కు బేరింగో సెన్సారో కావాలంటే ఆర్డరు పెట్టాక వారాలు పడుతుంది. ఆగస్టులో విప్పినప్పుడు ఆర్డరిస్తే, దసరాకి ఆ రైడ్ ముందు తాడు కట్టి బోర్డు పెట్టుకోవడమే. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), ఫుడ్ లైసెన్స్, పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (సందర్శకులకు ప్రమాదం జరిగితే పరిహారానికి బీమా) వంటి వాటి గడువులన్నీ ఒకే షీటులో రాసి, 60 రోజుల ముందు గుర్తుచేసేలా పెట్టుకుంటారు. వెల్డింగ్ అతుకుల్లో పగుళ్లు ఉన్నాయేమో పరీక్షించేది ఇంజినీర్లే. కానీ ఆ రిపోర్టు రైడ్ వారీగా ఫైలులో లేకపోతే, రేపు ఏదైనా జరిగినప్పుడు సమాధానం చెప్పుకోలేక నలిగేది ఆఫీసు.

హెచ్ఆర్‌లో వెళ్లిపోయినవాళ్ల సెటిల్‌మెంట్లు, దసరాకి కొత్తవాళ్ల శిక్షణ నడుస్తాయి. ఏజెన్సీ ఇచ్చిన పీఎఫ్ చలాన్లను (సిబ్బంది భవిష్యనిధి కట్టిన రసీదులను) హాజరుతో పోల్చి చూడటం ముఖ్యం. ఏజెన్సీ ఎగ్గొడితే బాధ్యత పార్కు మీదికే వస్తుంది.

కాబట్టి చేర్చవచ్చు, నాలుగు సంగతులు అడిగాకే. ఆఫర్ లెటర్ పార్కు కంపెనీ పేరు మీద ఇస్తున్నారా, ఏజెన్సీ పేరు మీదా? ఏజెన్సీదైతే మీ బంధువుల మాటే నిజం. ఏ విభాగం? "ఎగ్జిక్యూటివ్" అన్న మాటకు అర్థం లేదు, కౌంటర్‌లో టికెట్లు కొట్టేవాళ్లనూ అలాగే పిలుస్తారు. రద్దీ రోజుల్లో అకౌంట్స్ అమ్మాయిని కూడా కౌంటర్‌కు పంపడం ఈ రంగంలో మామూలే, దానికి బదులు సెలవు ఎప్పుడిస్తారు? వారాంతపు సెలవు ఆదివారం కాదు, ఏ మంగళవారమో బుధవారమో ఉంటుంది, పండగలకు ఇల్లు చేరడం కష్టం. ఇది ఇంట్లో అందరూ ఇప్పుడే ఒప్పుకోవాలి.

నాలుగోది రవాణా. ఇలాంటి పార్కులు ఊరి బయట ఉంటాయి. సీజన్‌లో లెక్క తేలేసరికి రాత్రి అవుతుంది. ఆ వేళకు క్యాబ్ ఉందా, షాద్‌నగర్ వైపు వస్తుందా, లేక హాస్టల్ చూసుకోవాలా అన్నది హెచ్ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. చేరేలోపు ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, ఎక్సెల్‌లో వీ-లుకప్ (VLOOKUP), పివట్ టేబుల్ బాగా సాధన చేయించండి. సస్పెన్స్ ఖాతా విప్పడానికి రోజూ వాడేవి అవే.