కాలిఫోర్నియాలో ఇల్లు బాగు చేయిస్తున్నారా? అడ్వాన్సు దగ్గరే జాగ్రత్త

ఫ్రీమాంట్‌లో పాత ఇల్లు కొన్న ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, బాత్‌రూమ్ పగలగొట్టి కొత్తగా కట్టడానికి 22,000 డాలర్లట. టైల్స్ తెప్పించాలి, సగం ముందే ఇమ్మంటున్నాడు. ఇచ్చేయనా?"

ఇవ్వవద్దన్నాను. మన ఊళ్లో మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చినా, సిమెంటు, టైల్స్ మనమే కొనిపెడతాం, రోజూ దగ్గరుండి చూసుకుంటాం. ఇక్కడ ఇంటి తాళం అతని చేతిలో పెట్టి మనం ఆఫీసుకు వెళ్లిపోతాం. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇంటి మరమ్మతుల అడ్వాన్సు మొత్తంలో పది శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే. 22,000 పనికి వెయ్యి డాలర్లే. ప్రత్యేకంగా తెప్పించే టైల్స్ అయినా సరే. రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు దగ్గర ప్రత్యేక పూచీ బాండు పెట్టిన కొద్దిమందికే మినహాయింపు. తర్వాతి వాయిదాలు కూడా అప్పటికి అయిన పని విలువను దాటకూడదు.

ఆ బోర్డు వెబ్‌సైటులో లైసెన్సు నంబరు కొట్టి చూడండి. మీ ఎదుట కూర్చున్న మనిషి, ఆ లైసెన్సులో ఉన్న పేరు ఒకటేనా అన్నది ముఖ్యం. పనివాళ్లు లేరని చెప్పి కార్మికుల బీమా కట్టని కాంట్రాక్టర్ ముగ్గురిని వెంటబెట్టుకుని వస్తే ఒప్పుకోకండి. వాళ్లలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ భారం మీ మీద పడవచ్చు. లైసెన్సు కోసం ప్రతి కాంట్రాక్టరూ పెట్టే 25,000 డాలర్ల మామూలు బాండు ఉందని ధీమా పడవద్దు. అది మీ ఒక్కరి కోసం కాదు, అతని మీద ఫిర్యాదు ఉన్నవాళ్లందరూ పంచుకోవాల్సినది. పర్మిట్ మీ పేరున తీసుకోమంటే ససేమిరా అనండి, బాధ్యతంతా మీ నెత్తికి వస్తుంది. గుడిలో పరిచయమైన మనవాడే అయినా ఇవన్నీ చూడాల్సిందే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే సంగతి. మా వంటింటి పనికి కాంట్రాక్టర్‌కు అణా పైసలతో చెల్లించాను. అతను టైల్స్ కొట్టుకు కట్టలేదు. పని మొదలైన కొత్తలో ఆ కొట్టు నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే, సంతకం చేసి తీసుకుని, నాకు సంబంధం లేదనుకుని సొరుగులో పడేశాను. సామాను ఇచ్చినవాళ్లు, ఇవ్వడం మొదలైన ఇరవై రోజుల్లోగా పంపాల్సిన ముందస్తు నోటీసు అది. పని ముగిశాక వాళ్లు ఇంటి మీద లీన్, అంటే తమకు రావాల్సిన బాకీ కోసం ఇంటి మీద హక్కు, నమోదు చేశారు. పాత ఇంటి అప్పు తీర్చి కొత్త అప్పు తీసుకోబోతే (రీఫైనాన్స్) బయటపడింది. అవే టైల్స్‌కు రెండోసారి డబ్బు కట్టాను. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర లేదు.

అందుకే అలాంటి నోటీసు వస్తే భయపడకండి, పారేయకండి. పేరు రాసిపెట్టుకుని, ప్రతి వాయిదాకూ ఆ కొట్టు నుంచీ, ప్లంబరు నుంచీ లీన్ హక్కు వదులుకున్నట్టు సంతకం చేసిన కాగితం అడగండి. చెక్కు ఇచ్చేటప్పుడు షరతుతో కూడినది (డబ్బు ముడితేనే వర్తించేది), డబ్బు ముట్టాక షరతు లేనిది. రెండూ కావాలి.

నోటిమాటతో పని మార్చవద్దు. "ఈ గోడ కూడా తీసేద్దాం" అన్నప్పుడు ఎంత పెరుగుతుందో, ఎన్ని రోజులు పడుతుందో రాసి ఇద్దరూ సంతకం పెట్టాకే సుత్తి ఎత్తాలి.

బాత్‌రూమ్ కాబట్టి ఇంకొక్కటి. టైల్స్ వేయకముందే షవర్ అడుగున నీళ్ల దారి మూసి, నీళ్లు నింపించండి. మా ఇంట్లో నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి రాత్రంతా వదిలేశాం. తెల్లారేసరికి నీళ్లు గీతకు వేలెడు కిందికి దిగాయి. మూల అతుకు దగ్గర కారుతోంది. టైల్స్ పడ్డాక తెలిసి ఉంటే అంతా పగలగొట్టాల్సి వచ్చేది.

తమ్ముడు నిన్న సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు. లైసెన్సు నంబరు అడిగితే ఆ కాంట్రాక్టర్ ఇంకా పంపలేదట. పంపేదాకా చెక్కుబుక్కు బయటికి తీయవద్దని చెప్పాను.