సమాధానం: కంటి శిబిరం కబురు తండాలకు ఎందుకు చేరలేదు?

దేవరకొండలో కంటి శిబిరం సంగతి అన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టినా చుట్టుపక్కల తండాల నుంచి దాదాపు ఎవరూ రాలేదన్నారు. ఆ గ్రూపుల సభ్యుల జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి. చాలావరకు అవే పేర్లు ఉంటాయని నా అనుమానం. అలాంటప్పుడు కబురు లోలోపలే తిరుగుతుంది. ఇంకో పది గ్రూపుల్లో పెట్టినా దండగే.

కొత్త సమాచారం ఒక గుంపు దాటి మరో గుంపుకు చేరేది ఆప్తమిత్రుల కన్నా ముఖపరిచయస్థుల ద్వారానే ఎక్కువని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే వాదించారు. మీకు కావలసింది రెండు వైపులా మెలిగేవాళ్లు: తండాలకు తిరిగే ఆటో డ్రైవర్లు, అంగడిలో కూరగాయలు అమ్మేవాళ్లు, ఆశా కార్యకర్తలు. లంబాడీ భాషలో చెప్పగలిగితే మరీ మంచిది.

అయితే కబురు తెలియడం వేరు, శుక్లం ఆపరేషన్‌కు ఒప్పుకోవడం వేరు. ఇక్కడ ఒక్కరి మాట చాలదు. మరో సామాజిక శాస్త్రవేత్త డేమన్ సెంటోలా 2010లో ప్రచురించిన ప్రయోగంలో ఆన్‌లైన్ ఆరోగ్య వేదికలో చేరే పోకడ దట్టంగా అల్లుకున్న పరిచయాల్లోనే, అంటే ఒకరి పరిచయస్థులు ఒకరికొకరు కూడా తెలిసిన చోటే, ఎక్కువమందికి, త్వరగా పాకింది. కాబట్టి ఒకే తండాలో ఇప్పటికే ఆపరేషన్‌తో చూపు బాగుపడిన ఇద్దరు ముగ్గురిని పట్టుకుని, వాళ్ల చేతే మిగతావాళ్లకు చెప్పించండి. అన్ని తండాలూ ఒకేసారి వద్దు, మొదట రెండు చాలు. పోస్టర్ల ఖర్చు మాత్రం మానేయండి.