కౌన్సిల్ ఉత్తరాన్ని సొరుగులోంచి తీయండి

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. ఆయన పోయాక లండన్ దగ్గర మా చిన్న సొంత ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇక్కడ ఇరవయ్యారేళ్లు పనిచేశాను, స్టేట్ పెన్షన్ వారానికి 171 పౌండ్లు వస్తుంది. కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) వేసే కౌన్సిల్ టాక్స్‌లో కొంత తగ్గింపు ఉంది. ఇక్కడి బ్యాంకులో 9,000 పౌండ్లు, తెనాలిలో సుమారు 5,000 పౌండ్ల విలువైన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. 2024 చలికాలంలో హీటింగ్ డబ్బు (వింటర్ ఫ్యూయల్ పేమెంట్) 200 పౌండ్లు రాలేదు. తక్కువ ఆదాయమున్న పెద్దవాళ్లకిచ్చే పెన్షన్ క్రెడిట్‌కి అప్లై చేయమని కౌన్సిల్ ఉత్తరం రాసింది. ఎందుకొచ్చిన తంటా అని సొరుగులో పడేశాను. ఈ ఏడాదైనా ఆ 200 వస్తాయా? జనవరిలో మూడు నెలలు తెనాలి వెళ్దామని కూడా ఉంది.

జవాబు: అమ్మా, 200 వస్తాయి. కానీ ఆ ఉత్తరం సొరుగులో ఉన్నన్నాళ్లూ మీరు పోగొట్టుకుంటున్నది 2025-26 లెక్కన ఏడాదికి దాదాపు 2,500 పౌండ్లు.

హీటింగ్ డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. 1997లో మొదలైన ఈ సాయాన్ని 2024 జులైలో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ఇంగ్లండ్, వేల్స్‌లలో పెన్షన్ క్రెడిట్ లాంటివి తీసుకునేవాళ్లకే పరిమితం చేశారు. దాదాపు కోటి మందికి ఆగిపోయింది. గోల పెద్దదయ్యేసరికి 2025 జూన్‌లో వెనక్కి తగ్గారు. ఇప్పుడు ఏడాది ఆదాయం 35,000 పౌండ్లు దాటకపోతే డబ్బు మీదే. నవంబర్, డిసెంబర్‌లలో దానంతటదే ఖాతాలో పడుతుంది. లింక్ నొక్కి అప్లై చేయమని ఫోన్‌కి మెసేజ్ వస్తే అది దొంగ మెసేజే, డిలీట్ చేయండి.

ఇక కౌన్సిళ్లు. కోత పడిన రోజుల్లో వాటి పరిస్థితే అంతంతమాత్రం. స్లౌ 2021లో, బర్మింగ్‌హామ్ 2023లో బడ్జెట్ సరిపోదంటూ సెక్షన్ 114 నోటీసులు ఇచ్చుకున్నాయి. లండన్‌లోని టవర్ హామ్లెట్స్ మాత్రం సొంత డబ్బులోంచి 175 పౌండ్లు ఇవ్వడానికి ముందుకొచ్చింది. చాలా కౌన్సిళ్లు ఇంకో దారి పట్టాయి. కౌన్సిల్ టాక్స్ తగ్గింపు, హౌసింగ్ బెనిఫిట్ (అద్దె సాయం) రికార్డులు తిరగేసి, పెన్షన్ క్రెడిట్‌కి అర్హత ఉండీ అడగనివాళ్లను వెతికి ఉత్తరాలు రాశాయి. పెన్షన్ క్రెడిట్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కదా, కౌన్సిల్‌కి స్టాంపు ఖర్చే. నన్నడిగితే ఆ 175 కన్నా మీకొచ్చిన ఉత్తరమే ఎక్కువ విలువైనది.

లెక్క చూడండి. 2025-26లో ఒంటరిగా ఉండేవాళ్ల ఆదాయాన్ని పెన్షన్ క్రెడిట్ వారానికి 227.10 పౌండ్ల దాకా పూరిస్తుంది. మీరుంటున్న ఫ్లాట్‌ని లెక్కలోకి తీసుకోరు. దాచుకున్న డబ్బులో మొదటి 10,000 వదిలేసి, ఆపైన ప్రతి 500కీ వారానికి ఒక పౌండు ఆదాయం ఉన్నట్టు లెక్కేస్తారు. మీకు మొత్తం 14,000 కాబట్టి 8 పౌండ్లు. పెన్షన్‌తో కలిపి 179. తక్కువైన 48.10 వాళ్లిస్తారు. అప్లై చేసిన రోజు నుంచి వెనక్కి మూడు నెలలది కూడా అడగొచ్చు, అంటే చేతికి ఒకేసారి 625 దాకా. కరెంటు బిల్లులో 150 పౌండ్ల వార్మ్ హోమ్ డిస్కౌంట్‌కీ ఇదే దారి తెరుస్తుంది.

2025-26లో పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు. అది వచ్చేవాళ్లు మూడు పౌండ్ల తేడాతో దీనికి దూరమైపోతారు, 2024లో ఎక్కువ నలిగింది అలాంటివాళ్లే. మీ పెన్షన్ తక్కువ కావడమే ఇక్కడ మీకు కలిసొచ్చింది.

తెనాలి డిపాజిట్‌ని మాత్రం దాచకండి. "ఇండియాలోది వాళ్లకెలా తెలుస్తుంది" అని చెప్పే పెద్దమనుషులు ప్రతి పెళ్లిలోనూ తగులుతారు. రెండు దేశాల పన్ను శాఖలూ బ్యాంకు ఖాతాల వివరాలు ఏటా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కౌన్సిల్ టాక్స్ తగ్గింపు ఫారంలో ఆ డిపాజిట్ రాశారో లేదో గుర్తు తెచ్చుకోండి. రాయకపోతే వాళ్లడగక ముందే మీరే చెప్పేయండి. అక్కడ ఇంట్లోనో పొలంలోనో వాటా ఉన్నా చెప్పాల్సిందే. దాని విలువను బట్టి పై లెక్క మారిపోతుంది.

తెనాలి ప్రయాణం దగ్గరే కొంచెం చిక్కు. 2025-26 హీటింగ్ డబ్బుకి 2025 సెప్టెంబర్ 15-21 వారంలో ఇక్కడ ఉంటే చాలు. పెన్షన్ క్రెడిట్ అలా కాదు, మామూలుగా నాలుగు వారాలు మించి దేశం దాటి ఉండకూడదు. మూడు నెలలకి టికెట్ కొంటే బయల్దేరే ముందే వాళ్లకి చెప్పాలి, తిరిగొచ్చాక మళ్లీ అప్లై చేసుకోవాలి. ఆ వారాలకి పోయేది ఆరువందల పైచిలుకు. ఇక్కడి చలికి మోకాళ్ల నొప్పులుంటే వెళ్లండి, తప్పేం లేదు. కాకపోతే ఈ వారమే అప్లై చేసి, పాత మూడు నెలలదీ అడిగి, ఆ తర్వాత టికెట్ చూసుకోండి.

పిల్లల దగ్గరికి డిపెండెంట్ వీసాపై వచ్చిన తల్లిదండ్రులు మాత్రం ఇది చదివి తొందరపడొద్దు. మీకు పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయాలు) తీసుకోకూడదన్న నిషేధం ఉండొచ్చు, అడిగితే వీసాకే ముప్పు. ముందు ఆ కాగితాలు చూపించి కనుక్కోండి.

అప్లై చేయడం ఫోన్‌లో కూడా అవుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, రెండు బ్యాంకుల స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని కూర్చోండి. ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్ అనిపిస్తే సలహాలిచ్చే సంస్థలు సిటిజన్స్ అడ్వైస్‌కో ఏజ్ యూకేకో వెళ్లండి, పైసా తీసుకోరు. వెళ్లేటప్పుడు ఆ ఉత్తరం కూడా పట్టుకెళ్లండి.