శ్రీలంకకు మన సైన్యం వెళ్లిన ఉదంతంలో బాధ్యత ఎవరిది?

ఒక ప్రభుత్వం తన దేశంలోని అంతర్యుద్ధాన్ని ఆపడానికి పొరుగు దేశపు సైన్యాన్ని పిలిస్తే, తర్వాత జరిగిన నష్టానికి పిలిచినవారు బాధ్యులా, వెళ్లినవారు బాధ్యులా అని మీరు అడిగారు. 1988లో భారత శాంతి పరిరక్షక దళంలో వైర్‌లెస్ ఆపరేటరుగా ఉత్తర శ్రీలంకలోని వవునియా ప్రాంతంలో పనిచేసినవాణ్ణి కనుక ఆ ఉదంతం ఆధారంగానే జవాబిస్తాను. పిలిచినవారికీ బాధ్యత ఉంటుంది, కానీ అంతమాత్రాన వెళ్లినవారి బాధ్యత తీరిపోదు.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో చేసుకున్న ఒప్పందం ప్రకారం మన సైన్యం ఆహ్వానం మీదే వెళ్లింది కాబట్టి దాన్ని దురాక్రమణ అనడం న్యాయం కాదు. అయితే దాని ప్రకారం ఆయుధాలు అప్పగించవలసిన ఎల్టీటీఈ, అంటే ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న సాయుధ సంస్థ, ఆ ఒప్పందంపై సంతకమే చేయలేదు. పైగా 1983లో శ్రీలంకలో తమిళులపై జరిగిన అల్లర్ల తర్వాత తమిళ సాయుధ సంస్థలకు మన గడ్డ మీదే శిక్షణనూ ఆయుధాలనూ సమకూర్చింది భారత ప్రభుత్వమే. అలా తాను పెంచిన సంస్థతోనే 1987 అక్టోబరులో యుద్ధానికి దిగవలసి వచ్చినప్పుడు, ‘వాళ్లు పిలిచారు, మేం వెళ్లాం’ అన్న సమాధానం చాలదు. ఒప్పందాన్ని కాలదన్నిన ఎల్టీటీఈకీ, తర్వాత మన సైన్యాన్ని సాగనంపడానికి అదే ఎల్టీటీఈకి ఆయుధాలిచ్చిన, జయవర్ధనే తర్వాత అధ్యక్షుడైన ప్రేమదాస ప్రభుత్వానికీ తమ తమ వాటా ఉంది. దాదాపు 1,200 మంది మన జవాన్ల మరణానికి వీరంతా జవాబుదారులే.

మా చెక్‌పోస్టు కనబడగానే తమిళ రైతులు చాలా దూరంలోనే సైకిలు దిగి, తల వంచుకుని నడిపించుకుంటూ వచ్చేవారు. అది శ్రీలంక సైన్యం కాలంలో అలవడిన భయమని, నాకున్న కొద్దిపాటి తమిళంతో అడిగితే ఒక పెద్దాయన చెప్పారు. తొలి రోజుల్లో పూలదండలతో స్వాగతించిన జనం మా ముందు కూడా అలాగే సైకిళ్లు దిగుతున్నారంటే, ఆ తప్పును కొలంబో మీదికి నెట్టడానికి నాకు మనసొప్పదు.

1987 అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు వైద్యులు, నర్సులు, రోగులు బలయ్యారు. అక్కడి నుంచి ఎల్టీటీఈ కాల్పులు జరిపిందన్నది సైన్యం వాదన. ఆ వాదనను పూర్తిగా ఒప్పుకున్నా, మంచం మీది రోగిని చంపిన తూటాకు బాధ్యత పేల్చినవారిదీ, వారిని అక్కడికి పంపినవారిదీ అవుతుంది. ఆ కుటుంబాలకు భారత ప్రభుత్వం బహిరంగంగా సమాధానం చెప్పాలని, అదే దళంలో పనిచేసినవాడిగా ఇప్పటికీ కోరుకుంటున్నాను.